తనిఖీ నాడు రాని పిల్ల

మా చెల్లెలి మనవరాలు సౌమ్య బుక్కరాయసముద్రంలో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఒక దినం వచ్చి నా క్లాసులో కూర్చో అవ్వా, యాడ తప్పు చేస్తాండానో చెప్పు అని చాలా కాలంగా అడుగుతోంది. ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, తప్పులు పట్టమంటే ఎవరికైనా సంతోషమే. పోయిన నెలలో ఒక రోజు తెల్లచీర కట్టుకుని, నోటుపుస్తకం, పెన్సిలు సంచిలో వేసుకుని వెళ్ళాను. ఆ పుస్తకంలో తేదీ వేసి, కింద గీత గీసి, ఏ పాఠం ఎన్ని గంటలకు మొదలైందో, ఎన్ని నిమిషాలు నడిచిందో, పిల్లలు ఎంతమంది మాట్లాడారో రాసుకుంటూ గది వెనక కుర్చీలో కూర్చున్నాను. హాజరు ఇరవై నాలుగు. రానివాళ్ళు ఇద్దరు.

మొదటిది తెలుగు. పుస్తకం తెరవలేదు. పొద్దున ఎవరేమి తిని వచ్చారో ఒక్కొక్కరు చెప్పాలి, సౌమ్య దాన్ని బోర్డు మీద రాయాలి, అందరూ చదవాలి. ఉగ్గాని, చిత్రాన్నం, సంగటి, ఇడ్లీ, బన్ను. ఒక పిల్లవాడు ఏమీ తినలేదన్నాడు. ఆమె దాన్నీ అలాగే రాసింది, పిల్లలందరూ దాన్నీ గట్టిగా చదివారు, ఎవరూ నవ్వలేదు. వాణ్ణి ముందుగా రాగిజావ దగ్గరికి పంపింది. రెండోది లెక్కలు. చీపురుపుల్లలు పదేసి కట్టి రబ్బరుబ్యాండ్లు వేసిన కట్టలు పంచింది. మూడోదానికి పిల్లల్ని బయటికి తీసుకుపోయి, ఒకరి నీడ చుట్టూ ఇంకొకరు సుద్దతో గీత గీయించింది, మళ్ళీ అన్నం తిన్నాక అదే చోట నిలబెట్టి నీడ ఎటు జరిగిందో చూపించింది. మధ్యాహ్నం బొమ్మలు. వాన గీయమంటే సగం మంది పిల్లలు మబ్బు పెద్దదిగా గీసి చినుకులు మూడో నాలుగో వేశారు. మా కరువు జిల్లా పిల్లలు. నేను ఆ కాగితాలు చూసి చాలాసేపు నవ్వుకున్నాను.

లెక్కల పాఠం మధ్యలో జరిగింది చెప్పాలి. చెప్పకుండా ఒక అధికారి వచ్చాడు. ఫోనుతో గది ఫోటో తీసుకుని, ముందు వరుసలో కూర్చున్న మేఘన అనే పిల్లను లేపి, ఇరవై మూడులో ఎనిమిది పోతే ఎంత అని అడిగాడు. ఆ పిల్ల పుల్లల కట్ట పట్టుకుని నిలబడింది. నోరు మెదపలేదు. నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నేను ఆ గదిలో ఎవరినీ కాను, అయినా ఆగింది. సౌమ్య మాత్రం కూర్చున్న చోటి నుంచి లేవకుండా, మేఘనకు ఇంకా రాలేదు సార్, పుల్లలతో అయితే చేస్తుంది, ఇంకో రెండు వారాలు పట్టొచ్చు అంది. ఆయన సరేనన్నాడు. పక్కపిల్లను లేపాడు. అంతే జరిగింది. ఏ ఆకాశమూ విరిగి పడలేదు. మేఘన కూర్చుని మళ్ళీ కట్ట విప్పి పుల్లలు లెక్కపెట్టుకుంది.

తప్పులు ఎన్ని పట్టావవ్వా అని సౌమ్య సాయంత్రం అడిగింది. ఏమీ లేవన్నాను. ఇంటికి వచ్చాక నోటుపుస్తకం చూసుకుంటే ఆ అధికారి వచ్చిన తర్వాత నేను ఒక్క ముక్కా రాయలేదు. పిల్లకు ఇంకా రాలేదు అనే మాట పై అధికారితో అనవచ్చని, అన్నాక కూడా పొద్దు మామూలుగానే గడుస్తుందని నాకు డెబ్బై మూడో ఏట తెలిసింది. ఇరవయ్యో ఏట తెలిసి ఉండాల్సింది.

ఇరవయ్యో ఏట నేను కుందుర్పికి ఆరు మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. ఒక్క గది, అయిదు తరగతులు, నలభై ఏడుగురు పిల్లలు. ఊళ్ళో ఆడమనిషి ఒంటరిగా ఉండడానికి హనుమక్క ఇల్లు తప్ప వేరే చోటు దొరకలేదు. గొర్రెల కాపర్ల ఇల్లు. మట్టి మిద్దె, ముందు రెండు అంకణాలు, పక్కన ముళ్ళకంప నాటిన గొర్రెల రొప్పం. వాకిలి పక్క గది నాకిచ్చారు. ఆ గదిలో ఏ మూల కూర్చున్నా గొర్రెబొచ్చు వాసన, పెంటికల వాసన, పొయ్యిలో కందికట్టె పొగ వాసన వచ్చేవి. మొదటి నెల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పడుకున్నాను. తర్వాత సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ వాసన లేక నిద్ర పట్టలేదు.

హనుమక్కకు అప్పటికి అరవై దాటి ఉంటాయి. పొద్దున లేవగానే కోళ్ళగంప ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లేది, చల్లడమంటే చేతివేళ్ళతో చిలకరించడమే, ఆ ఊళ్ళో నీళ్ళకు అంతకంటే ధారాళం లేదు. తర్వాత సంగటి కెలికేది. నాకు రెండు ముద్దలు, మీద ఊరుబిండి పచ్చడి, పక్కన మజ్జిగ. పని లేనప్పుడు గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, కదురు తిప్పుతూ బొచ్చు వడికేది. వక్కాకు నములుతూ, మాట్లాడుతూ, కళ్ళు ఎక్కడో పెట్టుకుని వడికేది, పోగు మాత్రం ఎక్కడా తెగేది కాదు. బావి మైలు దూరం. ఇంటికి మొత్తం నాలుగు కడవలు వచ్చేవి. నాకు స్నానానికి, తాగడానికి రెండు కడవలు ఇచ్చేవాళ్ళు. మిగిలిన రెండింటితో అయిదుగురు సర్దుకునేవాళ్ళు. ఈ లెక్క నేను అప్పుడు వేయలేదు. అన్ని లెక్కలు వేసే నేను దాన్ని వేయలేదు.

ఆ అయిదుగురిలో చిన్నది హనుమక్క కొడుకు కూతురు తిప్పక్క. ఎనిమిదేళ్ళు. బక్కపల్చటి పిల్ల, నూనె రాసి బిగించిన రెండు జడలు, కొస దగ్గర గుడ్డపేలికలు. ఒక ఏడు ఆలస్యంగా బడిలో చేరి రెండో తరగతిలో ఉంది. నా రిజిస్టరులో ఆ తరగతి పదకొండు మందిలో పదకొండో పేరు. పొద్దున నా గొడుగు అడిగి తీసుకుని, తెరవకుండా భుజాన పెట్టుకుని నా ముందర నడిచేది. తెలుగు బాగానే చదివేది. దస్తూరి నా దస్తూరిలా ఉండేది, చూసి చూసి నేర్చుకుంది. ఒక్క లెక్కల దగ్గర నిలబడిపోయేది.

నేనేమో పద్ధతి ప్రకారం చెప్పేదాన్ని. పిల్లకు తెలిసిన వస్తువుతో లెక్క చెబితే తొందరగా వస్తుందని ట్రైనింగులో నేర్పారు. ఆ ఊరి పిల్లలకు గొర్రెల కంటే తెలిసినవి ఏమున్నాయి? అందుకని నా లెక్కలన్నీ గొర్రెలే. ఒక కాపరి మందలో పద్దెనిమిది గొర్రెలున్నాయి, అయిదింటిని సంతకు తోలాడు, మిగిలినవి ఎన్ని? పన్నెండు గొర్రెలు నీళ్ళకు పోయాయి, నాలుగు దారి తప్పాయి, ఇంటికి వచ్చినవి ఎన్ని? రైతుల పిల్లలు టకటకా చెప్పేవాళ్ళు. ఆ తరగతిలో కాపర్ల పిల్ల తిప్పక్క ఒక్కతే. ఆమె పలక ఒడిలో బోర్లించుకుని, పెదవులు బిగించి, నేల చూసేది. బెత్తంతో అరచేతిలో కొట్టాను. మోకాళ్ళ మీద నిలబెట్టాను. నీ ఇంట్లో ఉన్నవే అడుగుతున్నాను గదా, ఇది కూడా రాదా అని నలభై ఏడుగురి ముందు అడిగాను. పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టు పది రోజుల ముందే కబురు వచ్చింది. ఆయన రెండో తరగతిలో తీసివేతలు తప్పకుండా అడుగుతాడని పక్క ఊరి మాస్టరు చెప్పాడు. ఆ పది రోజులూ నేను ఆ ఒక్క రోజు పాఠాలను నాటకంలా అభ్యాసం చేయించాను. పది గంటలకు ప్రార్థన, తర్వాత తెలుగు, ఎవరు ఏ పేరా చదవాలో గుర్తు పెట్టాను. తర్వాత లెక్కలు. తర్వాత మబ్బులు, బావులు, చెరువులు. అన్నాల తర్వాత తకిలీ మీద నూలు వడకడం, చివర డ్రిల్లు. పది మందీ తయారయ్యారు. తిప్పక్క కాలేదు. ముందు రోజు సాయంత్రం బడి నుంచి ఇంటికి నడుస్తూ, గొడుగు మోస్తున్న పిల్లతో, రేపు నువ్వు బడికి రావద్దు, గొర్రెల వెంట పో అన్నాను. ఎందుకని అడగలేదు. కాసేపు నడిచాక మాత్రం ఒక మాట అడిగింది.

"మళ్ళా ఎప్పుడు రావల్ల అయివారమ్మా?"

"నేను చెప్తాను" అన్నాను.

తనిఖీ బాగా జరిగింది. ఆ రోజు పాఠాల్లో ఏ పిల్లా తప్పలేదు. తీసివేతలు పది మందినీ అడిగాడు, పదిమందీ చెప్పారు. తకిలీల దగ్గర మాత్రం పోగులు తెగాయి. తిప్పక్క ఉంటే తెగేవి కావు, ఆ పిల్ల తకిలీ పట్టుకుంటే గది చివరి దాకా పోగు లాగేది. ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టించుకోలేదు. హాజరుపట్టీ చూసి, రెండో తరగతిలో ఒక్కరు రాలేదే అన్నాడు. గొర్రెల వెంట పోయింది సార్, ఈ ఊళ్ళో ఇంతే అన్నాను. ఆయన తల ఊపి, తనిఖీ పుస్తకంలో రెండవ తరగతి పిల్లలందరూ గణితంలో సమర్థులు అని రాశాడు. రెండు నెలల్లో పై అధికారిని వెంటబెట్టుకుని వస్తానని, చుట్టుపక్కల బడులకు నా బడిని చూపిస్తానని చెప్పి సైకిలెక్కి పోయాడు. నేను ఆ వాక్యాన్ని తలుపు వేసుకుని ఎన్ని సార్లు చదివానో, అది ఒక్కటి నాకు లెక్క లేదు.

ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చున్నాను. మంద వచ్చే వేళ. తిప్పక్క ముందర, వాళ్ళ నాయన వెనక, మధ్యలో దుమ్ము. గొర్రెలు ఒక్కొక్కటే రొప్పంలోకి పోతుంటే తిప్పక్క కంప పక్కన నిలబడి చూస్తోంది. ఆఖరిది లోపలికి పోయాక, చెవి తెగినది రాలేదు నాయనా, నల్లమూతి దాని పిల్ల కూడా రాలేదు అంది. వాళ్ళ నాయన మారుమాట లేకుండా కర్ర తీసుకుని వెనక్కి పోయాడు. అరగంటకు ఒకటి ముందర, ఒకటి చంకలో, తీసుకుని వచ్చాడు. నాకు ఆశ్చర్యం వేసి, మొత్తం ఎన్ని ఉన్నాయి హనుమక్కా అని అడిగాను. ఆమె కదురు ఆపింది.

"అట్ల అడగగూడదమ్మా. గొర్లను ఎన్నని నోటితో చెప్పేది ల్యా మా ఇండ్లలో. లెక్కబెడితే నిలవవు. మొగం చూసి ఎరుక పట్టుకోవల్ల, అంతే. ఈ పాపకు పలుకు వచ్చినప్పటి నుంచి అదే చెప్పినాము. ఒకతూరి వేళ్ళు చూపి ఎంచబోతే మూతి మీద కొట్టినా."

నాకు అర్థమైంది. ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. పద్దెనిమిది గొర్రెలు, అయిదు గొర్రెలు, దారి తప్పిన నాలుగు గొర్రెలు. నోట ఎన్ని అనే మాట వస్తే ఇంట్లో గొర్రెలు చస్తాయని భయపడిన పిల్లను, ఆ మాటే చెప్పమని ఆరు నెలలు కొట్టాను. మరునాడు తిప్పక్క పక్కింటి పిల్లతో వామనగుంటలు ఆడుతుంటే నా గది కిటికీలోంచి చూశాను. గుంటలో చింతగింజలు ఎన్ని ఉన్నాయో చేయి పెట్టకుండానే చెబుతోంది. ఎదుటి పిల్ల ఎన్ని గెలవాలో, తనకు ఎన్ని తగ్గుతాయో కూడా చెబుతోంది. ఒక్కటీ తప్పలేదు. గొర్రెల బదులు చింతగింజలు అని ఉంటే సరిపోయేది.

తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ ఒక్క రోజు వరకే హక్కుంది. ఆ తర్వాతిది తెలిసి చేసినదే. రేపటి నుంచి బడికి రా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. రెండు నెలల్లో పై అధికారి వస్తాడు. చింతగింజలతో ఎంత బాగా చెప్పినా, ఆయన గొర్రెల లెక్కే అడిగితే? పది మందితో తరగతి నిఖార్సుగా ఉంది. పదకొండో పేరు వల్ల ఆ వాక్యం అబద్ధమవుతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఆయన వచ్చి పోయాక చెబుదాం అనుకున్నాను. గొడుగు నేనే మోసుకుని బడికి పోయేదాన్ని.

పది పన్నెండు రోజులు గడిచాక, నేను సంగటి తింటుంటే హనుమక్క నెమ్మదిగా అడిగింది. అయివారమ్మ వద్దనిందని పాప చెబుతోంది, ఏం తప్పు చేసింది, ఎప్పుడు పంపించమంటావు అని. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నేను ముద్ద మింగి, తల ఎత్తకుండా, నేను వద్దనలేదే అన్నాను. పిల్ల గడప దగ్గర కూర్చుని ఉంది. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత వాళ్ళ అవ్వ వైపు తిరిగింది.

"అయివారమ్మ ఏమీ అనలేదులేవ్వా. నేనే పోను. నాకు గొర్లు కాసేదే బాగుండాది."

హనుమక్క ఆ పిల్ల నెత్తిన ఒకటి మొట్టింది, అబద్ధమాడినందుకు. నేను రెండో ముద్ద కూడా తిన్నాను.

ముప్పై పనిదినాలు రాని పిల్ల పేరు కొట్టేయాలని అప్పటి నియమం. ముప్పై ఒకటో రోజు పొద్దున ఎర్రసిరాతో ఆ పేరు మీద గీత గీశాను, స్కేలు పెట్టి గీశాను. కారణం అనే గడిలో తల్లిదండ్రుల అశ్రద్ధ అని రాశాను. పై అధికారి రానే లేదు. మరుసటి ఏడు నాకు కొత్తచెరువు వైపు బదిలీ అయింది. బయలుదేరిన రోజు తిప్పక్క మందతో ఉంది, కనపడలేదు. నాకు అది ఎంత సులువుగా తోచిందో ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు. ఆ తర్వాత నాకు మంచి టీచరని పేరు వచ్చింది. గొర్రెలతో లెక్క మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు, చింతగింజలతోనే చెప్పాను, నా పద్ధతిని చూసి పోవడానికి వేరే బడుల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, అనుభవం అని చెప్పేదాన్ని.

అప్పటి బడికీ ఇప్పటి బడికీ తేడా అడిగితే జనం బెంచీలు, మరుగుదొడ్లు, మధ్యాహ్నం గుడ్డు చెబుతారు. అవన్నీ నిజమే. సౌమ్య బడిలో పిల్లలు తాగడానికి కొళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కానీ నేను ఇంటికి తెచ్చుకున్న తేడా అది కాదు. లెక్క రాని పిల్లకు రాలేదని చెప్పే ధైర్యం ఇరవై నాలుగేళ్ళ సౌమ్యకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. మా కాలం అట్లాంటిది, అధికారి అంటే భయం, నేను చిన్నదాన్ని అని చెప్పుకుంటే వినేవాళ్ళు వింటారు. ఆ కాలంలోనే పక్క ఊరి మాస్టరు తన చదవలేని పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి తనిఖీ చేయించుకుని, తిట్లు తిని, ఆ పూటే మళ్ళీ పాఠం చెప్పుకున్నాడని నాకు తెలుసు. కాలం ఇద్దరికీ ఒకటే.

సౌమ్య బడికి పోయి వచ్చిన తొమ్మిదో రోజు కళ్యాణదుర్గం మీదుగా బస్సులో కుందుర్పి చేరి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. బడి కొత్తది కట్టారు. మిద్దె లేదు, దాని చోట రెండు గదుల స్లాబు ఇల్లు ఉంది. రొప్పం ఉంది, అయితే ఇప్పుడు కంప కాదు, ఇనుప జాలీ. తిప్పక్క వాకిట్లో మంచం మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. అరవై ఒక్కటి ఆమెకు. నేను పేరు చెప్పకముందే గుర్తుపట్టింది. కూర్చోమంది. కోడలిని పిలిచి కాఫీ పెట్టమంది. మన అయివారమ్మ, మన ఇంట్లోనే ఉండె అని చెప్పింది.

నేను బస్సులో సిద్ధం చేసుకున్నదంతా చెప్పాను. గొర్రెల లెక్కలు, తనిఖీ, వద్దన్న మాట, అనలేదన్న అబద్ధం, ఎర్రగీత, ఆ గడిలో రాసిన రెండు ముక్కలు. వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమె ఒలుస్తూనే విన్నది. వాళ్ళ అవ్వనూ నాయననూ అన్న ఆ రెండు ముక్కల దగ్గర మాత్రం చేయి ఆగింది. పోనీలే, చానా ఏండ్లాయె, పోయినోళ్ళకు తెలుస్తాదా అంది. మళ్ళీ రెండు కాయలు ఒలిచింది. అప్పుడు అడిగింది.

"నన్ను రావద్దన్నాక మూడు దినాలు పొద్దున్నే తానం చేసి, జడలేసుకుని, పలక పట్టుకుని ఆ రొప్పం కాడ నిలబడినా. నువ్వు గొడుగు తీసుకుని నా ముందరే పోతాంటివి. రా అంటావేమోనని. నువ్వు నన్ను చూస్తివా, చూడలేదా? అదొక్కటి చెప్పు."

ఇంతవరకు ఈ పేజీల్లో కూడా నేను ఆ మూడు రోజుల గురించి రాయలేదు. చూడలేదంటే ఆమె నమ్మేది. చెప్పడానికి అంత దూరం పోయిన నాకు ఆ ఒక్కటి చెప్పడానికి కాఫీ చల్లారిపోయేంత సేపు పట్టింది.

"చూశాను తిప్పక్కా. మూడు రోజులూ చూశాను."

ఆమె చెనిక్కాయల చేటను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఇన్నేండ్లూ చూడలేదేమో అనుకుంటాంటి" అంది.

కోపంగా అనలేదు.